కింది వాటా నైజీరియా పిల్లలు సాయంత్రాలు మా ఇంట్లో ఉంటారు: తిండి, మర్యాద, మందలింపు ఎలా?

పైవాటా_పెదవాల్తేరు

మా కింది వాటాలో నైజీరియాలోని ఇబాదాన్ నుంచి వచ్చిన దంపతులున్నారు. ఇద్దరూ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నారు. తొమ్మిదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. వచ్చే నెల నుంచి స్కూలు వదిలాక ఆరున్నర దాకా పిల్లలిద్దరూ మా పిల్లలతో పాటు మా ఇంట్లోనే ఉంటారు. మంచి పిల్లలు, అందులో సందేహం లేదు. కానీ కొన్ని అంతుపట్టడం లేదు. మా అత్తగారు ఎదురైతే పాప మోకాళ్ళ మీద వంగుతుంది, ఆవిడ కంగారుపడి లేపేస్తున్నారు. ఏం పెట్టినా "నో, థాంక్యూ ఆంటీ" అంటారు, చూపు మాత్రం ప్లేటు మీదే ఉంటుంది. బాబుని ఏమన్నా అంటే నేల చూపులు చూస్తాడు, ఉలకడు పలకడు. వాళ్ళమ్మేమో "అల్లరి చేస్తే మీరే నాలుగు తగిలించండి, నన్ను అడగక్కర్లేదు" అంటోంది. దీనికి ఏమని జవాబు చెప్పాలి? పాప జడల సంగతి కూడా చెప్పండి. స్కూల్లో రెండు జడలు, రిబ్బన్లు తప్పనిసరి అంటున్నారట.

ఇకేజా_టు_ఇసుకతోట

ఇబాదాన్ అంటే ఎక్కువగా యోరుబా తెగ వాళ్ళే. పాప మోకరిల్లుతోందంటే ఇంచుమించు ఖాయం. యోరుబా ఇళ్ళలో ఆడపిల్ల మోకరిల్లాలి, మగపిల్లాడు బోర్లా పడి సాష్టాంగం చేయాలి. నగరాల్లో రోజువారీ హడావిడికి మగపిల్లల సాష్టాంగం కాస్తా, వంగి చేత్తో నేల తాకడం దాకా తగ్గింది. అక్కడి ఇగ్బో, హౌసా తెగల వాళ్ళ పద్ధతులు వేరు. కాబట్టి ఇక్కడ చెప్పింది తీసుకెళ్ళి ఇంకో నైజీరియా కుటుంబానికి అంటించకండి. అత్తగారు చేయాల్సింది చిన్న పనే: భుజం తట్టి "చల్లగా ఉండు తల్లీ" అనడం. "వద్దమ్మా, లే లే" అంటే తనేదో తప్పు చేశాననుకుంటుంది ఆ పిల్ల.

పలకరింపు ఎప్పుడూ చిన్నవాళ్ళ నుంచే మొదలవ్వాలి. మీ పిల్లలు మెట్ల మీద వాళ్ళమ్మకి ఎదురై, గుడ్ మార్నింగ్ కూడా చెప్పకుండా తుర్రుమంటే ఆవిడ నోటితో ఏమీ అనదు గానీ మనసులో పెట్టుకుంటుంది. ఎడమచేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం అక్కడా తప్పే, అది మీవాళ్ళకి కొత్తగా నేర్పక్కర్లేదు.

తిండి విషయం: పరాయి ఇంట్లో పెట్టింది తినకపోవడం అక్కడ చిన్నప్పటి నుంచీ ఇచ్చే తర్ఫీదు. తింటే "ఇంట్లో పెట్టడం లేదా" అనే మాట అమ్మ పడాలి కదా. అమ్మ పక్కనుంటే పిల్ల ముందు ఆవిడ ముఖం చూస్తుంది, కనుబొమ్మ కదిలిన తీరుని బట్టి ప్లేటు అందుకోవడమో వెనక్కి తగ్గడమో చేస్తుంది. మీరు ఎంత బతిమాలినా లాభం లేదు. మొదటి రోజే వాళ్ళమ్మని పైకి పిలిచి, "సాయంత్రం నేను పెట్టింది తినమని మీరే చెప్పండి" అనండి. ఆవిడ ఆ మాట మీ ఎదుట, పిల్లలకి వినబడేలా చెప్పాలి. మీతో విడిగా "తింటార్లెండి" అంటే సరిపోదు.

నేల చూపులు పొగరు కాదు, మొండితనమూ కాదు. పెద్దవాళ్ళు కోప్పడుతుంటే వాళ్ళ కళ్ళలోకి చూడటమే అక్కడ ఎదురు తిరగడం. "నా వంక చూసి చెప్పు" అన్నారంటే పాపం వాడికి రెండు వైపులా చిక్కే. మీరు కూర్చుని, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని "మొదట్నుంచీ ఏం జరిగిందో చెప్పు" అనండి. స్కూల్లో క్లాస్ టీచర్‌కి కూడా ఈ ముక్క చేరవేస్తే మంచిది.

సెక్టార్_సిక్స్

"నాలుగు తగిలించండి" అన్నమాట దగ్గర ఆగాలి. అది ఆవిడ మీకు ఇచ్చే గౌరవం: పిల్లల్ని దిద్దే హక్కు అమ్మానాన్నలదే కాదు, ఇరుగుపొరుగు పెద్దలందరిదీ అనే పాత లెక్క. మన పల్లెల్లోనూ ఒకప్పుడు ఇదే లెక్క. ఆ గౌరవం తీసుకోండి, చెయ్యి మాత్రం ఎత్తకండి.

చట్టం మాట ముందు. బాలల న్యాయ చట్టం 2015, 75వ సెక్షన్ ప్రకారం, బిడ్డ ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్ళు కొట్టి అనవసరంగా బాధపెడితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సాయంత్రం ఆ పిల్లలు మీ సంరక్షణలోనే ఉంటారు. "వాళ్ళమ్మే కొట్టమంది" అన్న మాట మిమ్మల్ని కాపాడుతుందనుకోకండి. స్కూళ్ళకైతే పిల్లల్ని కొట్టకూడదనే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఎలాగూ ఉంది. నైజీరియాలోనూ 2003లో బాలల హక్కుల చట్టం వచ్చింది గానీ, రాష్ట్రాలు విడివిడిగా ఆమోదించుకోవాలి. దక్షిణాది రాష్ట్రాల పాత క్రిమినల్ కోడ్ 295వ సెక్షన్ మాత్రం తల్లిదండ్రులు మితంగా దండించడానికి వీలిస్తుంది. ఆవిడ పెరిగిన వాతావరణం అది, దాన్నిబట్టి ఆవిడ మీద తీర్పులు వద్దు.

అక్కడి శిక్షలు కూడా మనవాటికి చుట్టాలే. మోకాళ్ళ మీద నిలబెట్టి చేతులు పైకెత్తించడం, కప్పగంతులు. "పిక్ పిన్" అని ఇంకోటి ఉంది: ఒక కాలు వెనక్కి లేపి, ముందుకు వంగి ఒక్క వేలు నేలకి ఆనించి అలాగే ఉండాలి. మన గోడకుర్చీ కన్నా ఘోరం, తల తిరిగి ముందుకి పడితే పళ్ళు రాలతాయి. బాబు తనంతట తానే ఆ భంగిమ పెట్టేస్తే "మా ఇంట్లో ఇది లేదు" అని చెప్పి లేపండి.

ఆవిడతో ఇలా అనొచ్చు: "మా పిల్లల్నే కొట్టం, మీవాళ్ళని ఎలా కొడతాం? తప్పు చేస్తే పది నిమిషాలు ఆట ఆపి నా పక్కన కూర్చోబెడతా, లేదా ఏదైనా పని చెప్తా." పని చెప్పడం బాగా నడుస్తుంది. అక్కడ ఆరేడేళ్ళకే ఊడవడం, గిన్నెలు కడగడం పిల్లల వంతు. కాకపోతే మీవాడు సోఫాలో ఫోన్ చూస్తుంటే ఈ బాబు చీపురు పట్టుకోకూడదు. పనుల పట్టీ నలుగురికీ ఒకటే ఉండాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఆరున్నరకి గుమ్మం దగ్గర. "ఇవాళ మీవాడు కప్పు పగలగొట్టాడు" అని ఊరికే అన్నా, కింద శిక్ష మొదలవుతుంది. ఎందుకంటే పొరుగింటి ముందు పరువు పోయినట్టు. తేలిపోయిన విషయాన్ని తేలిపోయినట్టే చెప్పండి: "కప్పు పగిలింది, వాడే ముక్కలు ఎత్తేశాడు, సారీ చెప్పాడు, అయిపోయింది." అసలు విషయం దాచకండి, పిల్లలు ఎలాగూ చెప్పేస్తారు, అప్పుడు మీ మీద నమ్మకం పోతుంది.

పైవాటా_పెదవాల్తేరు

గుమ్మం దగ్గర మాట బుర్రలో పెట్టుకుంటాను. సరే, టిఫిన్‌గా ఏం పెడితే తింటారు? పులిహోర, పెరుగన్నం ముట్టరేమో అని అనుమానం.

అల్లం_పచ్చిమిర్చి

పులుపు, పెరుగు కలిపిన అన్నం అలవాటు ఉండకపోవచ్చు, కారం మాత్రం మనతో సమానంగా తింటారు. అన్నిటికన్నా తేలిక దారి అలసంద వడ. వాళ్ళ ఇళ్ళలో దాని పేరు అకారా, శనివారం పొద్దున్న మొక్కజొన్న పులిసిన జావతో తింటారు. నలుగురు పిల్లలకి పావుకిలో అలసందలు చాలు. గంట నానబెట్టి, నీళ్ళలో చేత్తో పిసికితే పొట్టు తేలుతుంది, రెండు మూడు సార్లు వంపేయండి. పొట్టు మిగిలితే వడ నల్లగా, గరుగ్గా వస్తుంది. మెత్తగా రుబ్బాలి, మన వడల్లా కచ్చాపచ్చాగా కాదు. నీళ్ళు మిక్సీ తిరిగేంత మాత్రమే పొయ్యండి. తర్వాత గరిటెతో ఐదారు నిమిషాలు గట్టిగా గిలకొట్టండి, లోపల గుల్లతనం ఆ గాలివల్లే వస్తుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు నూనె కాగాకే కలపాలి. ఉప్పు ముందే వేస్తే పిండి నీరుకారి, వడ చదునై నూనె పీలుస్తుంది. తడి చేతిమీద తట్టక్కర్లేదు, స్పూనుతో జారవిడవండి.

కర్రపెండలం దొరికితే ఉడకబెట్టి పెట్టండి. మన సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసే దుంపే, వాళ్ళు గరీ అనే రవ్వ చేసుకునేదీ అదే. తొక్కతోపాటు లోపలి గులాబీ పొర కూడా తీసేసి, మధ్యలో నార లాగేసి, నీళ్ళు వంపేసి బాగా ఉడికించాలి. పచ్చిది మాత్రం పెట్టకూడదు.

జడకుచ్చులు_వైజాగ్

జడలు: పాపకి తలకి అంటుకునేలా అల్లే సన్న జడలుంటే అవి రెండు వారాల దాకా విప్పరు. రోజూ దువ్వడం, నూనె రాసి లాగడం వద్దు. నడిమి పాపిట తీసి అల్లికలన్నీ వెనక్కి తెచ్చి, చెవుల వెనక రెండు కుచ్చులుగా కలిపి రిబ్బన్ కడితే స్కూలు రూలు తీరుతుంది. నుదుటి దగ్గర బిగించకండి, అక్కడ జుట్టు ఊడిపోతుంది. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే తలకి గుడ్డ కట్టండి, అల్లికల్లో దూరిన ఇసుక వదలదు. మీవాళ్ళు జడలు ముట్టుకుని లాగకుండా ముందే చెప్పండి.

ఇంకోటి, ఎవరూ అనలేదు. బ్లడ్ గ్రూపుతో పాటు పిల్లల జీనోటైప్ (రక్తంలో హిమోగ్లోబిన్ రకం) అడగండి. వాళ్ళు నొచ్చుకోరు, నైజీరియాలో అది మామూలు ప్రశ్న. ఏఏ, ఏఎస్ అంటే భయం లేదు. ఎస్‌ఎస్ అంటే సికిల్ సెల్, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు. అప్పుడు ఆటలో మాటిమాటికీ నీళ్ళు తాగించాలి, వానలో తడవనివ్వకూడదు, జ్వరమో కాళ్ళూచేతుల్లో తీవ్రమైన నొప్పో వస్తే ఆరున్నర దాకా ఆగకుండా వాళ్ళకి ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరాలి. పాడేరు, అరకు వైపు నుంచి ఈ కేసులు వస్తుంటాయి కాబట్టి మన ఊరి డాక్టర్లకి ఇది కొత్త కాదు.