బ్యాకెండ్ ఉద్యోగానికి మొదటి భాషగా పైథానా, జావానా?

బ్యాకెండ్ (వెబ్‌సైట్లు, యాప్‌ల వెనుక సర్వర్‌లో నడిచే భాగం) డెవలపర్‌గా స్థిరపడాలన్న ఉద్దేశంతో పైథాన్ 3 నేర్చుకుంటున్నాను. లూపులు, ఫంక్షన్లు, డిక్షనరీల వరకు సాఫీగానే సాగింది. అయితే ఒక లిస్టును రెండో వేరియబుల్‌కు కేటాయించి, దానికి అపెండ్‌తో ఒక విలువ చేర్చగా మొదటి వేరియబుల్‌లోనూ ఆ విలువ కనిపించింది. రెండు పేర్లూ మెమరీలో ఒకే లిస్టును సూచిస్తాయని డాక్యుమెంటేషన్‌లో చదివి కాపీ మెథడ్ వాడితే సమస్య తీరినట్లే అనిపించింది గానీ, లిస్టులో మరో లిస్టు ఉన్నప్పుడు మళ్లీ మొదటికొచ్చి, లోపలి లిస్టులనూ విడిగా నకలు చేసే డీప్‌కాపీని ఆశ్రయించాల్సి వచ్చింది.

లోపల జరిగేదేమిటో తెలుసుకుందామని సీ భాషలో పాయింటర్లు (మెమరీ చిరునామాలను ఉంచుకునే వేరియబుల్స్) ప్రయత్నించాను. అక్కడ ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ (అనుమతి లేని మెమరీని తాకినప్పుడు వచ్చే లోపం) అని ఆగిపోవడమే తప్ప, తప్పు ఏ వరుసలో ఉందో చెప్పలేదు. తర్వాత జావా 21 చూశాను. స్ట్రింగ్ ఉండాల్సిన చోట సంఖ్య పెడితే, ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్ పట్టుకోవడం బాగా నచ్చింది. ఒక్క వాక్యం ముద్రించడానికి క్లాసు, మెయిన్ మెథడ్ రాయాల్సి రావడం మాత్రం విసుగే. పైగా రెండు పేర్లు ఒకే లిస్టును సూచించే తీరు జావాలోనూ అంతే, కనుక ఆ చిక్కు భాష మారిస్తే పోయేది కాదు.

బ్యాకెండ్ పనినే దృష్టిలో పెట్టుకుంటే, పైథాన్‌లోనే టైప్ హింట్లు (ఏ వేరియబుల్‌లో ఏ రకం విలువ ఉండాలో తెలిపే సూచనలు) వాడుతూ లోతుగా వెళ్లడం మేలా, లేక ఇప్పుడే జావాకు మారడం మేలా?