నలభై సార్లు నిజమైతే నలభై ఒకటోసారీ నిజమేనా?

చీపురుపల్లి ట్యూషన్:
ఒక సంఖ్యని దానితోనే గుణించి, ఆ సంఖ్యనే కలిపి, పైన 41 కలపండి. ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందా? పదో తరగతి పిల్లలకి ఇచ్చాను. ఒకడు సున్నా నుంచి పది దాకా వేసి "కనుక నిరూపించడమైనది" అని గీత గీసేశాడు. మార్కులు వెయ్యలేదు. సాయంత్రం వాళ్ల నాన్న గుమ్మంలోనే పట్టుకున్నాడు: "ల్యాబులో ఓమ్ నియమానికి (వోల్టేజీ పెరిగితే కరెంటూ అదే లెక్కన పెరుగుతుందని) నాలుగు రీడింగులు చాలు, మీకు పదకొండు చాలవా?" నీళ్లు నమిలాను. ఏం చెప్పాలండీ? పిల్లలకి ఇవ్వదగ్గ తెలుగు పుస్తకం ఉంటే అదీ చెప్పండి.

బొబ్బిలి వీణ:
40 వేయించండి మాస్టారూ. 1600, 40, 41 కలిపితే 1681. అది 41 ఇంటూ 41. 39 దాకా ఒక్కటీ తప్పదు, అక్కడ బోల్తా. గోల్డ్‌బాక్ ఊహ 1742 నాటిది: రెండు కన్నా పెద్ద సరి సంఖ్య ఏదైనా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమే అని. 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత వరకూ కంప్యూటర్లతో చూశారు, తప్పలేదు. ఇప్పటికీ దాన్ని ఊహ అనే అంటున్నాం. ఇరవై రెండేళ్లు డిగ్రీకి లెక్కలు చెప్పినవాణ్ని, ఊరికే అనడం లేదు.

వంశధార ఒడ్డు:
మార్కులు వెయ్యకపోవడం మాత్రం అన్యాయం. నాకు ఇంటర్‌లో జవాబు కరెక్టే, స్టెప్పులు లేవని కొట్టేశారు. ఆ నాలుగు మార్కులకి సీటు పోయింది. పిల్లాడు పదకొండు లెక్కలు చేశాడు, రెండు మార్కులైనా వెయ్యండి.

పలాస జీడిపప్పు:
డిగ్రీలు నాకు తెల్దు గానీ, జీడిపప్పు డబ్బా పైనుంచి గుప్పెడు తీసి చూస్తే అన్నీ 240 నంబరు గుడ్లే, అంటే బద్దలవని పెద్ద పప్పులే. డబ్బు కట్టేశాను. అడుగున సగం బద్దలు! అప్పట్నుంచి బోర్లించి చూడందే కొనను. వాళ్ల నాన్నకి ఇది చెప్పండి.

బొబ్బిలి వీణ:
మీ డబ్బాకి అడుగుందండీ. సంఖ్యలకి లేదు. అదే తేడా.

అరసవల్లి భక్తుడు:
అన్నిటికీ రుజువంటే ఎలా? మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో పొద్దున్నే సూర్యకిరణాలు మా అరసవల్లి గుడిలో సూర్యనారాయణ స్వామి పాదాలు తాకుతాయి. ఏ థియరీ లేకుండా వెళ్తున్నాం, చూస్తున్నాం.

రిటైర్డ్ సర్వేయర్:
థియరీ లేకేం బాబూ! సూర్యుడు బాగా దక్షిణంగా పొడిచే డిసెంబరు 21 నుంచి లెక్కపెట్టండి. మార్చి 9 సుమారు 78 రోజులు ముందుకి, అక్టోబరు 2 సుమారు 80 రోజులు వెనక్కి. రెండుసార్లూ సూర్యుడు దాదాపు ఒకేచోట, తూర్పుకి నాలుగు డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు. గుడి కట్టినవాళ్లకి ఈ లెక్క తెలిసే ఉంటుంది.

అరసవల్లి భక్తుడు:
అంటే మహిమ లేదంటారా? మూడుసార్లు వెళ్లాను, రెండుసార్లు మబ్బు. మూడోసారి చూసి కళ్లనీళ్లు వచ్చాయి. ఆ నీళ్లకి డిగ్రీలెన్నో చెప్పండి.

రిటైర్డ్ సర్వేయర్:
మహిమ లేదని నేనన్నానా? రాయనిది చదవకండి.

రాజాం సైన్సు పిచ్చి:
గొడవ ఆపండి, ఆ మబ్బు దగ్గరే అసలు సంగతుంది. తప్పని తేలే అవకాశం లేని మాట సైన్సు కాదని 1934లో కార్ల్ పాపర్ అనే తత్వవేత్త రాశాడు. మరి కిరణం పడనప్పుడల్లా "మబ్బు" అంటే తేలేదెప్పుడు? యురేనస్ గ్రహం కదలిక లెక్క తప్పితే న్యూటన్ ఆకర్షణ సూత్రాన్ని తప్పుపట్టలేదు, ఇంకో గ్రహం లాగుతోందన్నారు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి లెక్క తప్పితే మళ్లీ అదే మాటన్నారు, వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. ఎంత వెతికినా లేదు. 1915లో ఐన్‌స్టీన్ వచ్చి న్యూటన్ లెక్కే అక్కడ చాలదని తేల్చాడు. ఒకసారి మబ్బు నిజం, ఒకసారి సాకు. ముందే ఏదని చెప్పలేం. ఓమ్ నియమం కూడా అంతే, తీగ బాగా వేడెక్కిందా రీడింగులు గీత మీద నిలబడవు. అందుకే సైన్సులో "ఇప్పటికి నిలబడింది" అంటాం. లెక్కల్లో రుజువైతే మబ్బు అడ్డం రాదు.

బొబ్బిలి వీణ:
లెక్కల్లోనూ తప్పుడు రుజువులుంటాయి. ఏ మ్యాపులోనైనా పక్కపక్క భాగాలకి వేర్వేరు రంగులు వెయ్యడానికి నాలుగు రంగులు చాలనే నాలుగు రంగుల సిద్ధాంతానికి 1879లో కెంప్ ఇచ్చిన రుజువు పదకొండేళ్లు చెల్లింది. 1890లో హీవుడ్ తప్పు పట్టాడు. సగం తెలిసి పాఠాలు చెప్పకండి.

రాజాం సైన్సు పిచ్చి:
ఇరవై రెండేళ్లు చెప్పిన పాఠాల్లో మర్యాద లేదా సార్?

పలాస జీడిపప్పు:
ఎవరైనా ఈ సీజన్లో జీడిపిక్క రేటు చెప్తారా?

చీపురుపల్లి ట్యూషన్:
ఈరోజు పిల్లాడికి 40 వెయ్యమన్నాను. వాడు 40 వదిలేసి 41 పట్టుకున్నాడు. "41 ఇంటూ 41, ప్లస్ 41, ప్లస్ 41. మూడింట్లోనూ 41 ఉంది కద్సార్, కామన్ తీసేస్తే 41 ఇంటూ 43. ఇంకేం ప్రధానం?" అన్నాడు. గుణించనే లేదు వెధవ. నిన్నటి మార్కులు ఇచ్చేశాను. వాళ్ల నాన్న మాత్రం ఇంకా ఓమ్ దగ్గరే ఉన్నాడు. పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు.

అరసవల్లి భక్తుడు:
సర్వేయర్ గారూ, అక్టోబరు 1న వస్తారా? తెల్లారి నాలుక్కే లైన్లో ఉండాలి.