జూనియర్లు, గెటప్ ఆర్టిస్టులు ఎవరైనా ఉంటే మీ అనుభవాలు చెప్పండి

కొత్త_తెనాలి
అందరికీ నమస్కారం. మాది తెనాలి పక్కన ఊరు. మొబైల్ షాపులో పని చేస్తున్నాను. చిరంజీవి గారి పోలికలు ఉన్నాయని అందరూ అంటారు, డ్యాన్స్ కూడా వచ్చు. ఒక ఆర్కెస్ట్రా ట్రూపు వాళ్ళు శివరాత్రి సీజన్‌కి జూనియర్ చిరుగా రమ్మంటున్నారు. అమ్మ మాత్రం ఉన్న ఉద్యోగం వదలొద్దంటోంది. ఇదే పనిగా పెట్టుకుని బతకొచ్చా? ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

పల్నాడు_స్టేజి
తమ్ముడూ, నేను చాలా ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. ముందు ఒక మాట. ముఖం పోలిక మొదటి ప్రోగ్రాం ఇప్పిస్తుంది, అంతవరకే. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల దగ్గర వేసిన స్టేజీ ఎక్కావనుకో, వెనక నిలబడ్డ జనానికి నీ ముక్కూ కళ్ళూ కనపడవు. నడక, మెడ తిప్పే తీరు, భుజం విదిలింపు, ఇవే కనపడతాయి. ఎంట్రీలో నాలుగు అడుగులు వేసేలోపే జనం నిన్ను ఒప్పుకుంటారు, లేదంటే అంతే. వీణ స్టెప్పు ఎవడైనా వేస్తాడు. స్టెప్పు అయ్యాక ఆయన ఆగి జనం వైపు ఎలా చూస్తారో అది పట్టుకో. పాత పాటల వీడియోలు సౌండ్ తీసేసి చూడు, ఒంటి కదలిక తెలుస్తుంది.

పని సంగతి. శివరాత్రికి మొదలై ఎండాకాలం జాతరలు, పెళ్ళిళ్ళు అయ్యేదాకా చేతినిండా ఉంటుంది. ఆషాఢంలో ఫోన్ మోగదు. మళ్ళీ ఆగస్టు 22 చిరంజీవి గారి పుట్టినరోజు, ఆ వెంటనే వినాయక చవితి పందిళ్ళు, దసరా. ఖాళీ నెలలకి సరిపడా డబ్బు సీజన్‌లోనే పక్కన పెట్టుకోవాలి. 2020లో శివరాత్రి అయిన నెలకే లాక్‌డౌన్ పెట్టారు. మా ట్రూపులో కీబోర్డు వాయించే అన్న ఆటో తోలాడు, ఇద్దరు డ్యాన్సర్లు పెయింటింగ్ పనికి పోయారు. వాళ్ళలో ఒకడు ఇక వెనక్కి రాలేదు. అందుకే మీ అమ్మగారి మాట తీసెయ్యకు.

మేకప్_బెజవాడ
గమ్ గురించి నేను చెప్తాను. మీసానికి, గడ్డానికి వాడేది స్పిరిట్ గమ్. కొత్త బాటిల్ తెచ్చినప్పుడు ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. దద్దుర్లు వస్తే ముఖానికి పెట్టొద్దు. ప్రోగ్రాం అయ్యాక అలసటలో గడ్డాన్ని పట్టి లాగేస్తారు చాలామంది, తోలు లేచి వస్తుంది. దూదిని కొబ్బరినూనెలో ముంచి అంచు మీద అద్ది, కాసేపు ఆగండి. నూనె లోపలికి దిగాక అంచు దానంతట అదే లేస్తుంది, అక్కడ్నుంచి మెల్లగా తియ్యండి. విగ్గుని చెమటతో బ్యాగులో కుక్కకండి. షాంపూ నీళ్ళలో ముంచి తీసి, నీడన ఆరబెట్టండి. గమ్ అయిపోయిందని ఫెవిక్విక్ వాడే ట్రూపులు ఉన్నాయి, దయచేసి ఒప్పుకోకండి.

రామారావు_వేషం
నేను అన్నగారి, అంటే ఎన్టీఆర్ గారి వేషం వేస్తాను. ఫోన్ రాగానే నేను అడిగే మొదటి ప్రశ్న, కృష్ణుడా, ఖాకీయా, కాషాయమా అని. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టి చైతన్యరథం మీద తిరిగినప్పుడు ఆయన వేసింది ఖాకీ బట్టలు. కాషాయం తర్వాతి మాట. మొదటి ప్రచారం సన్నివేశానికి కాషాయంలో పోతే పెద్దవాళ్ళు వెంటనే పట్టేస్తారు. శతజయంతి అప్పుడు, 2023లో, వీటన్నిటికీ పిలిచారు. ఆ ఏడు ఎక్కని ఊరు లేదు.

ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "కిలో రెండు రూపాయల బియ్యం పెట్టి మా పిల్లలకి అన్నం పెట్టావు నాయనా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఆయన్ని కాదని ఆమెకి తెలుసు. అయినా ఆయనకి చెప్పుకోవాల్సింది నాకు చెప్పింది. అట్లాంటప్పుడు తల వంచి వినాలి. అందుకే గెటప్‌లో ఉన్నంతసేపు నేను సిగరెట్ ముట్టను, బూతు మాట రానివ్వను, ఎవరితోనూ మందుకి కూర్చోను. మా ట్రూపులో కుర్రాళ్ళకి కూడా ఇది గట్టిగా చెప్తాను.

ఖమ్మం_అక్క
అన్నలు చెప్పినవన్నీ బాగున్నాయి. ఆడవాళ్ళ సంగతి కూడా రాయాలి కదా. నేను విజయశాంతి, శ్రీదేవి గెటప్‌లు చేస్తాను. మగ జూనియర్‌కి దండ వేస్తారు. అదే స్టేజీ మీద మమ్మల్ని "రికార్డింగ్ డ్యాన్స్ పిల్ల" అంటారు. నోట్లు పట్టుకుని స్టేజీ మీదకి ఎక్కుతారు, దగ్గర్నుంచి వీడియోలు తీసి గ్రూపుల్లో పెడతారు.

బయానా తీసుకునే ముందే మాట్లాడుకుంటాను. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది. స్టేజీ ముందు కర్రలతో అడ్డు. ప్రోగ్రాం ఎంత రాత్రి అయినా మమ్మల్ని ఇంటి దగ్గర దింపే బండి. ఇవన్నీ మ్యానేజర్‌తో వాట్సాప్‌లో రాయించుకుంటాను. ఒకసారి ఒక ఊళ్ళో అడ్డు కట్టలేదు, బండి దిగకుండా వచ్చేశాను. ఆ ట్రూపు మళ్ళీ పిలవలేదు. వేరే ట్రూపులు పిలిచాయి. చెల్లెళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, పాట ఏది, డ్రెస్ ఏది అన్నది కూడా ముందే ఖాయం చేసుకోండి. అక్కడికి పోయాక మారిస్తే ఒప్పుకోవద్దు.

పల్నాడు_స్టేజి
అక్కా, నువ్వు రాసింది ప్రతి మ్యానేజరూ చదవాలి.

ఈవెంట్_మియాపూర్
సిటీలో సంగీత్‌లకి, షోరూం ఓపెనింగ్‌లకి ఇప్పుడు హీరో కంటే క్యారెక్టర్‌ని అడుగుతున్నారు. పుష్ప గెటప్‌కి గడ్డం, ఎత్తిన భుజం, ఆ నడక ఉంటే చాలు, ముఖం అచ్చుగుద్దినట్టు ఉండక్కర్లేదు. దానివల్ల పోటీ ఎక్కువ, రేటు తక్కువ. సగం అడ్వాన్స్, మిగతాది మేకప్ తీయకముందే తీసుకోండి. దారి ఖర్చులు వేరే. కంపెనీ టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్, కట్ చేస్తే అది మీ పాన్ నంబరు మీద పడిందో లేదో చూసుకోండి. రిటర్న్ వేస్తే చాలామందికి వెనక్కి వస్తుంది.

గుంటూరు_వకీలు
పోస్టర్ల విషయం జాగ్రత్త. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు, చిరంజీవి గారి పేరు, ఫొటో, గొంతు, బిరుదులు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2022లో అమితాబ్ బచ్చన్‌కి, 2023లో అనిల్ కపూర్‌కి ఇలాంటివే ఇచ్చింది. తిరునాళ్ళలో వేషం వేసి ఆడటం వేరు, ఆ ముఖంతో ఒక సరుకు అమ్మిపెట్టడం వేరు. పోస్టర్ మీద మీ ఫొటో, మీ పేరు వేయించుకోండి. హీరో వస్తున్నాడని జనం అనుకునేలా ఏదీ ఉండకూడదు. బెట్టింగ్ యాప్ రీల్ చేయమని వస్తారు, డబ్బు బాగా ఇస్తామంటారు. అస్సలు వద్దు. ఆన్‌లైన్ పందేలు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం.

కొత్త_తెనాలి
ఎన్నికల ప్రచారానికి వెళ్తే డబ్బు బాగుంటుందంటారు, నిజమేనా?

పల్నాడు_స్టేజి
రోజుకి చూస్తే బాగుంటుంది. 2008లో చిరంజీవి గారు ప్రజారాజ్యం పార్టీ పెట్టాక 2009 ఎన్నికల్లో మా జూనియర్లందరికీ ఖాళీ లేదు. కానీ ఒకసారి ఒక జెండా బండి ఎక్కాక, అవతలి పార్టీ వాళ్ళ పందిరికి నిన్ను పిలవరు. అంతకుముందు అన్ని వీధుల వాళ్ళూ పిలిచేవాళ్ళు. ఆ తర్వాత కొన్ని ఊళ్ళు నాకు శాశ్వతంగా పోయాయి. బాకీలు ఇంకో బాధ. ఫలితాలు వచ్చాక ఓడిన అభ్యర్థి మనుషులు ఫోన్ ఎత్తరు.

రామారావు_వేషం
నేను ఒప్పుకోను తమ్ముడూ. నేను ఒకే పార్టీకి వెళ్తాను, మహానాడుకి సొంత ఖర్చుతో అయినా పోతాను. అభిమానంతో వేసే వేషం ఇది. అయితే రోజు డబ్బు రోజే తీసుకోవాలన్నది మాత్రం నిజం.

కొత్త_తెనాలి
అందరికీ చాలా థాంక్స్. షాపు ఓనర్‌తో మాట్లాడాను, శివరాత్రి నాలుగు రోజులు సెలవు ఇస్తానన్నారు. ఉద్యోగం వదలకుండానే ఈ సీజన్ చేసి చూస్తాను. పోస్టర్ మీద నా పేరే వేయమని ట్రూపు వాళ్ళకి చెప్పాను. మేకప్ అన్నా, చిరంజీవి గారి జుట్టుకి తగ్గ విగ్గు రెడీమేడ్‌ది సరిపోతుందా, చేయించుకోవాలా?

మేకప్_బెజవాడ
రెడీమేడ్‌ది నుదుటి దగ్గర పైకి లేస్తుంది, లైట్ పడితే అంచు కనపడుతుంది. తల కొలతలు ఇచ్చి సన్నటి వల గుడ్డ మీద జుట్టు అల్లించుకో. చేతికి రావడానికి టైం పడుతుంది, ఈ వారమే ఆర్డర్ పెట్టు.