అప్‌డేట్: ఊడిపోతున్న పైపు జాయింట్ల సంగతి తేలింది

పోయిన నెల ఇక్కడే అడిగాను: తిరుపతి కొర్లగుంటలో మూడంతస్తుల ఇంటి పని, ప్లంబింగ్‌లో కొత్తగా చేరిన నేనూ ఇంకో కుర్రాడూ కలిసి వేసిన సీపీవీసీ (నీళ్ల ప్లాస్టిక్ పైపు) లైను టెస్టింగ్ పెట్టిన ప్రతిసారీ ఎక్కడో ఒక జాయింటు ఊడొస్తోంది, తప్పు నీదంటే నీదని గొడవ, ఏం చేయాలి అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మేస్త్రీ అన్న ఊడిన జాయింటు తెచ్చి చూపించాడు, పైపు చివర సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) మరకే లేదు. కొలత కోసం ఉత్తినే దూర్చి పెట్టిందది. అన్నానికి వెళ్లొచ్చాక ఆ కుర్రాడు అతికించాడనుకున్నా నేను, వాడేమో నేను అతికించాననుకున్నాడు.

ఇక్కడ ఒకరు చెప్పిన మార్కర్ ఉపాయమే పనిచేసింది. అతికించిన వెంటనే పైపు మీదా ఫిట్టింగ్ (పైపులను కలిపే ముక్క) మీదా కలిసేలా ఒక గీత, గీత లేకపోతే అతకనట్టే లెక్క. ఇంకోటి, కింద వాల్వ్ తిప్పే ముందు "నీళ్లు వదులుతున్నా" అని అరవాలి, పైనుంచి "వదులు" అని వినబడేదాకా చెయ్యి వేయకూడదు.

సొల్యూషన్ కంపెనీ మార్చడం, పైపులు నకిలీవేమోనన్న అనుమానం, రెండిటికీ దీనికీ సంబంధమే లేదు, కొత్త డబ్బా డబ్బులు దండగ. మొన్న రాత్రంతా ప్రెషర్‌లో ఉంచాం, మీటరు ముల్లు కదల్లేదు. ఆ కుర్రాడికి నేనే ముందు సారీ చెప్పాను, ఇప్పుడు ఇద్దరం ఒకే బండి మీద పనికొస్తున్నాం.