చలికాలంలో మేకపిల్లలను ఇంట్లో ఉంచడం గురించి సలహా కావాలి

ఆదిలాబాద్ జిల్లాలోని మా ఊళ్లో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత తరచుగా 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఈ చలిలోనే మా మేక రెండు పిల్లలను ఈనింది. ముర్రుపాలు వెంటనే తాగించాము గానీ, కొట్టానికి ఒకవైపు గోడ లేనందున, పిల్లలను రాత్రిపూట వంటగది పక్క గదిలో గోనెసంచులపై ఎండుగడ్డి పరిచి గంప కింద ఉంచి, తెల్లవారగానే తల్లి దగ్గరకు వదులుతున్నాము. ఆడపిల్ల చురుకుగానే ఉన్నది. పోతుపిల్ల మాత్రం ఒళ్లు ముడుచుకొని నిలబడుతున్నది, దాని తోక కింద పలుచని పసుపు విరేచనం అంటుకొని ఎండిపోతున్నది.

ఉదయానికి గడ్డి తడిసి, మూత్రపు ఘాటు కళ్లకు తగులుతుంది. చలి కన్నా ఆ ఘాటే వాటి ఊపిరితిత్తులను ఎక్కువగా దెబ్బతీస్తుందేమోనని నా భయం. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణాంతకం కనుక దానిని పెట్టడం లేదు.

గడ్డి కింద ఊక పోస్తే తడి తగ్గుతుందా? వెచ్చదనానికి బల్బును ఎంత ఎత్తున వేలాడదీయాలి? రాత్రంతా దూరంగా ఉంచితే తల్లి పాలివ్వడం మానేస్తుందా? అన్నింటికన్నా ముఖ్యంగా, నేలపై పాకే పసిపాప ఉన్న ఇంట్లో విరేచనాలవుతున్న పిల్లను ఉంచవచ్చునా? పశువైద్యుని వద్దకు రేపు తీసుకువెళ్తున్నాము. ఈ రాత్రికి ఏమి చేయాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.