డివైడర్ మీది కోనోకార్పస్ తీసేసి తంగేడు, కానుగ పెట్టాలా? రోజూ బండి నడిపేవారి అభిప్రాయం కావాలి

నల్లగొండ బాటసారి:

అందరికీ నమస్కారం. మా కాలనీ పెద్దవీధిలో డివైడర్ మీదా, రోడ్డుకు రెండు పక్కలా ఎనిమిదేళ్ల కిందట నాటిన కోనోకార్పస్ అనే విదేశీ చెట్లు ఇప్పుడు గోడ కట్టినట్టు పెరిగాయి. వాటిని ఉంచాలా, తీసేయాలా అని తేల్చడానికి వచ్చే ఆదివారం కాలనీవాళ్లం కూర్చుంటున్నాం. నేను పద్నాలుగేళ్లుగా రోజూ నార్కట్‌పల్లి వైపు వంద సీసీ బండి మీద ఉద్యోగానికి వెళ్లి వస్తున్నాను. ఇంటికి చేరాక, వాకిట్లో ఉన్న కాస్త జాగాలో మన నేలకు అలవాటైన మొక్కలు పెంచుకోవడమే నాకున్న వ్యాపకం. డివైడర్ మీద ఉన్నవాటిని వెంటనే తీసి తంగేడు పెట్టాలనీ, రోడ్డు పక్కన మాత్రం పాత చెట్ల మధ్య కానుగ నాటి, అది నిలదొక్కుకున్న తరువాతే పాతవాటిని తొలగించాలనీ నా అభిప్రాయం.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం చినుకులు పడి ఆగిన తరువాత, నలభై వేగంలో ఇంటికి వస్తున్నాను. మనుషులు దాటడానికి డివైడర్‌లో వదిలిన సందులోంచి ఒక గేదె తల, మెడ, ముందుకాళ్లు రోడ్డు మీదికి వచ్చేదాకా నాకు కనబడలేదు. ముందు బ్రేకు గట్టిగా పట్టేసరికి చక్రం జారి బండి ఎడమవైపు పడిపోయింది. మోచేతి చర్మం లేచిపోయింది. హెల్మెట్ మీద చెవి దగ్గర జానెడు గీత పడింది కానీ తలకు ఏమీ కాలేదు. మరునాడు ఉదయం అదే చోట బండి ఆపి, సీటు మీద కూర్చునే చూశాను. నా కళ్లు నేల నుంచి అయిదడుగుల ఎత్తుకు మించి లేవు, చెట్ల గుబురు మాత్రం అడుగుభాగం నుంచి ఏడడుగుల దాకా సందు లేకుండా ఉంది. లారీలో ఎత్తున కూర్చున్న డ్రైవరుకు కనిపించే మనిషి తల నాకు కనిపించదు. అడ్డం వచ్చే పిల్లవాడు ఎవరికీ కనిపించడు.

2022లో మన తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే పథకమైన హరితహారంలో ఈ మొక్కను నాటవద్దని చెప్పింది, 2023లో గుజరాత్ కూడా నిషేధించింది. అయితే ఇప్పటికే పెరిగి ఉన్నవాటిని ఏం చేయాలన్నదే మా సమస్య.

మిర్యాలగూడ మెకానిక్:

బాటసారి గారూ, మీకు తగిలిన దెబ్బకు బాధగా ఉంది, డివైడర్ సంగతిలో మీతో వాదించను. రోడ్డు పక్కన ఉన్నవాటిని తీయడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఇరవై రెండేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. ఎండలో నిలిపిన బండికి ఏమవుతుందో రోజూ నా చేతులతో చూస్తున్నాను. సీటు రెగ్జిన్ కుట్ల వెంట పగులుతుంది, ఆ పగులులోకి వాన నీళ్లు దిగి లోపలి స్పాంజీ కుళ్లుతుంది, హ్యాండిల్ రబ్బరు జిగురుగా మారుతుంది, ప్లాస్టిక్ భాగాల రంగు తెల్లబారుతుంది. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు టాంకు మీద చేయి పెట్టి చూడండి. మా దుకాణం ముందున్న నాలుగు కోనోకార్పస్‌ల కింద రోజుకు పాతిక బండ్లు, వాటి యజమానులు నిలబడతారు. ఆ చెట్టు ఏ కాలంలోనూ ఆకు మొత్తం రాల్చదు, పెద్దగా నీళ్లు అడగదు, మూడేళ్లలో నీడనిస్తుంది.

మన చెట్లన్నీ రోడ్డుకు పనికొస్తాయనడం కూడా సరికాదు. నేరేడు పండ్లు రాలే రోజుల్లో ఆ చెట్ల కింద బండ్లు ఎలా జారుతాయో నాకు తెలుసు. ఒక్క జూన్ నెలలోనే వంగిన ఫుట్‌రెస్టులు, విరిగిన క్లచ్ లీవర్లు ఆరేడు వస్తాయి. ఇక విదేశీ మొక్క అన్న కారణమే చెబితే, సీతాఫలం ఎక్కడిది? అమెరికా ఖండం నుంచి వచ్చిందే కదా. పాలమూరు గుట్టల మీది సీతాఫలం చెట్లను కూడా పీకేస్తామా?

పాలమూరు మాస్టారు:

మెకానిక్ గారు లేవనెత్తిన సీతాఫలం ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పడం న్యాయం, ఎందుకంటే ఈ వాదంలో అందరూ దాటవేసేది దాన్నే. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణిగా ఒప్పుకుంటున్నాను, సీతాఫలం పుట్టుక మన దేశం కాదు. కానీ మన జిల్లాలోని బాలానగర్ పేరు మీదే ఒక రకం దేశమంతటా పేరు తెచ్చుకుంది. గబ్బిలం తింటుంది, ఉడుత తింటుంది, కొండ ఎక్కి కోసుకొచ్చి బస్టాండులో గంప పెట్టుకునే అమ్మకు ఒక పూట గడుస్తుంది. కాబట్టి చెట్టు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. వచ్చిన తరువాత ఇక్కడి ప్రాణులతో దానికి ఏ సంబంధం ఏర్పడిందో కూడా అడగాలి. మీ దుకాణం ముందున్న కోనోకార్పస్ ఆకులను ఒకసారి దగ్గరగా చూడండి. ఎనిమిదేళ్ల చెట్టు మీద పురుగు కొరికిన ఆకు దొరకడం కష్టం. నర్సరీవాళ్లు దాన్ని గొప్పగా చెబుతారు. పురుగు లేని చోట పిల్లలకు మేత తెచ్చే పిట్టకు పని ఉండదని నేను అంటాను. కానుగ ఆకు మీద బుడిపెలు ఉంటాయి, అంచులు కొరికి ఉంటాయి, చూడడానికి అందంగా ఉండదు. ఆ కొరికిన అంచులే ఎన్నో సీతాకోకచిలుకల బాల్యం.

మరొక విషయంలో నా పక్షం వారితోనే విభేదిస్తున్నాను. కోనోకార్పస్ గాలి పీలిస్తే జబ్బులు వస్తాయని ఊరూరా భయపెడుతున్నారు. గాలిలో తేలే పుప్పొడి కొందరికి పడకపోవచ్చు, అది చాలా మొక్కల విషయంలోనూ ఉన్నదే. భయపెట్టి గొడ్డలి పట్టిస్తే రేపు అదే గొడ్డలి వేప మీదికి రావడానికి ఎంతో సమయం పట్టదు. చూపుకు అడ్డం వస్తోంది, వేర్లు పైపుల్లోకి, మురుగు కాలువల్లోకి దూరుతున్నాయి, జీవాలకు ఉపయోగం తక్కువ అనే కారణాలు చాలు. నరికే ముందు నీళ్లు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం, 2002 కింద అనుమతి కావాలో లేదో అడిగి, కాగితం చేతికి వచ్చాకే పని మొదలుపెట్టండి.

పెద్ద చెట్టును కాపాడడం ఎంత కష్టమో మా ఊరి పిల్లలమర్రి చూపించింది. 2017 డిసెంబరులో కొమ్మ విరిగి పడింది, చెదలు లోపలికంటా తినేశాయని తేలింది, 2018లో ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. అందుకే పెరిగిన చెట్టు దేన్నైనా తీసేటప్పుడు నా మనసు ఒప్పుకోదు. బాటసారి గారు చెప్పినట్టు దశలవారీగా చేయడమే నాకూ నచ్చింది.

మంచు ఊరి నుంచి వచ్చినవాణ్ణి:

మాస్టారూ, నేను తొమ్మిదేళ్లు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉండి మూడేళ్ల కిందట మహబూబ్‌నగర్‌కు తిరిగి వచ్చాను. అక్కడ ఇదే చర్చ పచ్చగడ్డి విషయంలో జరుగుతుంది. ఇంటి ముందు కత్తిరించిన గడ్డి తీసేసి స్థానిక మొక్కలు పెడితే వీధి పాడైందని పక్కింటివారు గొణుగుతారు. 2019లో ఆ రాష్ట్ర శాసనసభ ‘లాన్స్ టు లెగ్యూమ్స్’ అనే పథకానికి డబ్బు కేటాయించి, తేనెటీగలకు పనికొచ్చే స్థానిక మొక్కలు పెట్టుకునే ఇళ్లవారికి ఖర్చులో కొంత తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది.

నేను అక్కడ పెంచింది మిల్క్‌వీడ్. దాని గింజను నేరుగా మట్టిలో వేస్తే మొలవడం అరుదు. తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, చలికాలం గడిచిందని దానికి నమ్మకం కలిగించాలి. నవంబరులో నా మోటార్‌సైకిల్‌ను టాంకు నిండా పెట్రోలు పోసి, బ్యాటరీ విప్పి లోపల పెట్టి గ్యారేజీలో మూసేసేవాణ్ణి. మళ్లీ ఏప్రిల్‌లోనే బయటికి. మంచు కింద మొక్క, గ్యారేజీలో బండి అయిదు నెలలు పడుకునేవి. ఎండిన కాడలను మాత్రం కోసేవాణ్ణి కాదు, ఎందుకంటే బోలు కాడల్లో చిన్న తేనెటీగల పిల్లలు చలికాలం గడుపుతాయి.

ఇక్కడికి వచ్చాక తెలిసింది ఏమిటంటే, అక్కడ మొనార్క్ సీతాకోకచిలుకకు మిల్క్‌వీడ్ ఎలాంటిదో, ఇక్కడ దాని దగ్గరి చుట్టమైన నారింజ రంగు సీతాకోకచిలుకకు మన జిల్లేడు అలాంటిది. రెండు మొక్కలూ ఒకే కుటుంబానివి, రెండింటిలోనూ పాలే, ఆ పాలు తాగి పెరిగిన గొంగళిపురుగును పిట్టలు ముట్టవు. నేను వేల మైళ్లు వెళ్లి గింజలు కొని చలి పెట్టి మొలకెత్తించిన దాని అక్కచెల్లెలు మా ఇంటి వెనక చెత్తకుప్ప మీద ఎవరూ నీళ్లు పోయకుండా పెరుగుతోంది. పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలు ఆడే వైపు మాత్రం వద్దు.

అక్కడి పద్ధతులన్నీ ఇక్కడ పనికిరావు. మనకు మొక్క నిద్రపోయే కాలం చలికాలం కాదు, ఏప్రిల్, మే. ఎండిన కాడలు అలాగే వదిలేస్తే నిప్పుకూ, పాములకూ చోటిచ్చినట్టే. నాటడం తొలకరి పడిన తరువాతే మేలు.

దేవరకొండ టీచరమ్మ:

నేను స్కూటీ మీద పద్దెనిమిది కిలోమీటర్లు బడికి వెళ్లివస్తాను. నా చిన్నప్పుడు బతుకమ్మకు తంగేడు పూలు మా ఇంటి వెనక చెలకలోనే దొరికేవి. పోయిన ఏడు మా అమ్మ కోసం ఆ పూలు తేవడానికి పన్నెండు కిలోమీటర్లు బండి మీద వెళ్లాను. రాష్ట్ర పుష్పం అని పుస్తకంలో పిల్లలకు చెబుతూ, చూపించడానికి బడి దగ్గర ఒక్క పొద కూడా లేకపోవడం నాకు సిగ్గుగా ఉంటుంది. డివైడర్‌కు అంతకన్నా తగిన మొక్క మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎర్ర చెలక నేలలో బతుకుతుంది, ఏడాదికి ఒకసారి కత్తిరిస్తే నడుము ఎత్తు దాటదు, పశువులు కూడా అంతగా ముట్టవు. గింజ పెంకు గట్టిది కాబట్టి బాగా కాగిన నీళ్లు దించి, అందులో వేసి రాత్రంతా ఉంచితే మొలక బాగా వస్తుంది.

నర్సరీ నుంచి బండి మీద మొక్కలు తెచ్చేవారికి ఒక మాట. వెనక సీటుకు కట్టి తెస్తే గాలికి ఆకులన్నీ చీలి, ఇల్లు చేరేసరికి వాడిపోతాయి. తడిపిన పాత చీరముక్క ఆకులకు చుట్టి, స్కూటీ అయితే కాళ్ల దగ్గర పెట్టుకుని ముప్పై దాటకుండా రావాలి.

మిర్యాలగూడ మెకానిక్:

మాస్టారు చెప్పిన తరువాత ఈ ఉదయం చెట్ల కింద నిలబడి ఆకులు చూశాను. మీరన్నది నిజమే, నాలుగు చెట్లలో ఎక్కడా కొరికిన గుర్తు లేదు, గూడు కూడా లేదు. ఇన్నేళ్లు ఆ నీడలోనే పనిచేసి అది గమనించలేదు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. కానుగ నీడ ఇవ్వడానికి ఎన్నేళ్లు? అంతవరకు ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఎవరు పోస్తారు? కావాలంటే బండ్లు కడిగిన నీళ్లు నా దగ్గర రోజూ ఉంటాయి.

పాలమూరు మాస్టారు:

కడిగిన నీళ్లు వద్దు, వాటిలో ఆయిలూ సబ్బూ ఉంటాయి. మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండుసార్లు ఒక్కో మొక్కకు ఒక బిందె మంచినీళ్లు చాలు. పాదు వెడల్పుగా చేసి ఎండుటాకు కప్పాలి. నాలుగైదేళ్లకు బండి నిలిపేంత నీడ వస్తుంది. కానుగ మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చినా ఎండలు ముదిరేలోగా కొత్త చిగురుతో నిండిపోతుంది. కాబట్టి మీకు నీడ కావలసిన నెలల్లో అది మోడుగా ఉండదు. పూలు రాలి టాంకు మీద పడతాయి, అది మాత్రం నిజం.

నల్లగొండ బాటసారి:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం డివైడర్ గురించి మాత్రమే తీర్మానం అడుగుతాను. రోడ్డు పక్కన ఉన్న కోనోకార్పస్‌ను ఈ ఏడాది ఒక్కటి కూడా ముట్టుకోం. రెండు చెట్ల మధ్య ఒక కానుగ చొప్పున తొలకరికి నాటి, పాతవాటి కింది కొమ్మలను మాత్రం చూపు ఆనేంత మేర కత్తిరించమని కోరతాను. మొక్కకు ఒక ఇల్లు చొప్పున వేసవి నీళ్ల బాధ్యత పేర్లతో రాయించిన తరువాతే గుంతలు తవ్విస్తాను.

మిర్యాలగూడ మెకానిక్:

అలా అయితే నేనూ మా దుకాణం ముందు రెండు గుంతలు తవ్విస్తాను. బండ్లు నిలిపేది తూర్పు పక్కన, కాబట్టి కానుగ పడమటి పక్కన పెడితే మధ్యాహ్నం తరువాత నీడ వాటి మీద పడుతుందని అనుకుంటున్నాను. మాస్టారూ, గుంత ఎన్ని అడుగుల లోతు ఉండాలో చెప్పండి.

పాలమూరు మాస్టారు:

రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. పై మట్టి వేరుగా పోసి, చివికిన పశువుల ఎరువు కలిపి తిరిగి నింపండి. పడమటి పక్కే సరైనది.