లాంగ్‌హార్న్స్ 2025: నంబర్ వన్ ర్యాంకు సరే, ముందు నిలబడే ఐదుగురి సంగతేంటి?

రౌండ్‌రాక్_అన్న (ఆగస్టు 12, రాత్రి 9:40)

నిన్న అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జట్లకు ర్యాంకులిచ్చే అసోసియేటెడ్ ప్రెస్ పోల్ వచ్చింది. మన టెక్సస్ యూనివర్సిటీ జట్టు లాంగ్‌హార్న్స్‌కు మొదటి స్థానం. సీజన్ మొదలవకముందే ఆ పోల్‌లో మనం నంబర్ వన్‌గా ఉండటం ఇదే మొదటిసారి. పొద్దున్నుంచి వాట్సాప్ ఆగలేదు. ఎవరిని చూసినా మన కొత్త క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) ఆర్చ్ మానింగ్ ఫోటోలే పంపుతున్నారు.

నాకూ సంతోషమే. నేను 2005 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి ఆస్టిన్ వచ్చాను. అప్పటికి నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. ఆ జనవరి 4న రోజ్ బౌల్ టైటిల్ ఆటలో ఇంకా 19 సెకన్లు ఉండగా అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ కుడివైపు పరుగెత్తి టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) చేస్తే, నిబంధనలు సగం కూడా తెలియని నేను రూమ్మేట్‌ను పట్టుకుని ఏడ్చాను. 41-38. మన చివరి టైటిల్ అదే. ఇరవై ఏళ్లయింది.

అందుకే ఈ సీజన్ గురించి అనుకున్నది దాచకుండా చెబుతాను. 10 గెలుపులు, 2 ఓటములు. టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కు వెళ్తాం. టైటిల్ మాత్రం కష్టం. నా భయం క్వార్టర్‌బ్యాక్ గురించి కాదు, అతని మీదికి ఎవరూ రాకుండా ముందు నిలబడి ఆపే ఐదుగురి గురించి, అంటే లైన్ గురించి. పోయినేడు ఆడిన ఐదుగురిలో నలుగురు వెళ్లిపోయారు: కెల్విన్ బ్యాంక్స్, హేడెన్ కానర్, జేక్ మేజర్స్, కామెరన్ విలియమ్స్. మిగిలింది డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే. జనవరి 10న కాటన్ బౌల్ సెమీఫైనల్ గుర్తుందా? ఒహాయో స్టేట్ మీద 21-14తో వెనకబడి ఉన్నాం. బంతి వాళ్ల గోల్ గీతకు ఒక్క యార్డు దూరంలో ఉంది. ఆ ఒక్క యార్డు తోయలేకపోయాం. రెండో ప్రయత్నంలో ఏడు యార్డులు వెనక్కి వచ్చాం. చివరిదైన నాలుగో ప్రయత్నంలో వాళ్ల జాక్ సాయర్ వచ్చి అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్ చేతిలో బంతి కొట్టేసి 83 యార్డులు పరుగెత్తాడు. అనుభవం ఉన్న లైనే ఆ యార్డు తేలేకపోతే, కొత్త లైన్ ఆగస్టు 30న కొలంబస్‌లో అదే జట్టు మీద ఏం చేస్తుంది?

ఇంకొకటి. అక్టోబరు నెలంతా ఆస్టిన్‌లో ఒక్క ఆట కూడా లేదు. ఫ్లోరిడా, డాలస్‌లో ఓక్లహోమా, కెంటకీ, మిసిసిపీ స్టేట్. నవంబరు 15న మళ్లీ జార్జియా, అదీ వాళ్ల ఊళ్లో. పోయినేడు వాళ్ల చేతిలో రెండుసార్లు ఓడిపోయాం.

మీరేమనుకుంటున్నారు?

కొలంబస్‌లో_కాకినాడ (రాత్రి 9:58)

ఇక్కడ కూడా క్వార్టర్‌బ్యాక్ కొత్తవాడే అన్నా. కానీ కేలెబ్ డౌన్స్, జెరెమయా స్మిత్ ఉన్నారు. గట్టి ఆట అవుతుంది.

హ్యూస్టన్_బావ (రాత్రి 10:05)

12-0. రాసి పెట్టుకోండి.

వెస్ట్‌క్యాంపస్_కుర్రాడు (రాత్రి 10:31)

అన్నా, మీ పోస్టు మొత్తం చదివాను. గౌరవంతోనే చెబుతున్నా, ఆ ఒక్క యార్డు తప్పు లైన్‌ది కాదు. యార్డు దూరంలో ఉన్నప్పుడు బంతిని పక్కకు విసిరి బయటవైపు పరుగెత్తించడం ఏంటి? ఆ ప్లే ఎంచుకున్నది కోచ్ సార్కిసియన్. అదే ఆటలో ముందు ఒకసారి ఆర్చ్‌ను దింపితే పరుగుతో ఫస్ట్ డౌన్ (మళ్లీ నాలుగు ప్రయత్నాలు) తెచ్చాడు. గోల్ లైన్ దగ్గర కూడా అతన్నే దింపి ఉంటే ఇవాళ మనం వేరే మాటలు మాట్లాడుకునేవాళ్లం.

లైన్ మొత్తం కొత్తది అనడం కూడా సరి కాదు. ట్రెవర్ గూస్‌బీ డిసెంబరులో మన లీగ్ ఎస్ఈసీ ఫైనల్లో జార్జియా మీద ఎడమ టాకిల్‌గా (లైన్‌కు ఎడమ చివర) ఆడాడు. అప్పుడు బ్యాంక్స్‌కు గాయం. ఓవర్‌టైమ్ దాకా వెళ్లి 22-19తో ఓడాం. కోల్ హట్సన్ 2022లోనే ఆడినవాడు. వీళ్లు గాల్లోంచి ఊడిపడలేదు, ఇన్నాళ్లూ వరసలో ఉన్నవాళ్లే.

డిఫెన్స్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. ఆంథొనీ హిల్, కాలిన్ సిమన్స్, మైకెల్ టాఫ్ ముగ్గురూ ఉన్నారు. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి చేరిన టాఫ్ ఇవాళ ఆ డిఫెన్స్‌కు గుండెకాయ. నా లెక్క 11-1.

రౌండ్‌రాక్_అన్న (రాత్రి 10:52)

తమ్ముడూ, డిఫెన్స్ బాగుంటుందని నేనూ నమ్ముతున్నా. జాడే బ్యారన్ లేని లోటు ఉంటుంది, అయినా బాగుంటుంది.

ఆర్చ్ సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నా. అతను మొదటి నుంచి ఆడిన ఆటలు రెండంటే రెండు. ఒకటి లూసియానా మన్రో. రెండోది మిసిసిపీ స్టేట్, ఆ ఏడాది 2-10తో ముగించిన జట్టు. ఈ రెండు ఆటలు చూసి దేశమంతా నంబర్ వన్ అంటోంది.

వెస్ట్‌క్యాంపస్_కుర్రాడు (రాత్రి 10:58)

మూడు. యూటీఎస్‌ఏ (టెక్సస్ యూనివర్సిటీ, శాన్ ఆంటోనియో) ఆటలో ఈవర్స్ గాయపడితే రెండో క్వార్టర్‌లో వచ్చి, 12 పాసుల్లో 9 పూర్తి చేసి నాలుగు టచ్‌డౌన్లు వేశాడు. ఇంకొకటి సొంతంగా 67 యార్డులు పరుగెత్తి వేశాడు. ఆ రోజు స్టేడియంలో ఉన్నాను.

రౌండ్‌రాక్_అన్న (రాత్రి 11:03)

అది స్టార్ట్ కాదు. రెండే.

వెస్ట్‌క్యాంపస్_కుర్రాడు (రాత్రి 11:05)

స్టార్ట్ అని నేనూ అనలేదు. ఆడిన ఆట అన్నాను. సగం ఆట పైగా ఆడినదాన్ని లెక్కలోంచి ఎలా తీసేస్తారు?

రౌండ్‌రాక్_అన్న (రాత్రి 11:11)

అయితే జార్జియా ఆట కూడా లెక్కలో వేయి. అక్టోబరు 19న ఆస్టిన్‌లో ఈవర్స్‌ను తీసేసి ఆర్చ్‌ను దింపారు. బంతి పోగొట్టుకున్నాడు. సెకండ్ హాఫ్‌లో మళ్లీ ఈవర్స్ వచ్చాడు. నేను స్టాండ్‌లోనే ఉన్నా. నా వెనక వరసలో వాళ్లు ఈవర్స్‌ను మొదటి నిమిషం నుంచి తిడుతూనే ఉన్నారు. ఆర్చ్ వచ్చి తప్పు చేస్తే మాత్రం ‘పాపం, చిన్నపిల్లాడు’ అన్నారు.

ఫ్రిస్కో_అమ్మ (ఆగస్టు 13, ఉదయం 7:20)

మా అబ్బాయి లాంగ్‌హార్న్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాడు. ఈ ఎండలో రోజూ ప్రాక్టీస్. గెలిచినా ఓడినా ఆట చివర ‘ఐస్ ఆఫ్ టెక్సస్’ వాయించాల్సిందే. మీరిద్దరూ రాత్రంతా నిద్రపోయినట్టు లేరు.

ఒంగోలు_ఎద్దు (ఉదయం 8:02)

కిక్కర్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? పీచ్ బౌల్ ప్లేఆఫ్ ఆటలో అరిజోనా స్టేట్ మీద చివర్లో రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని స్తంభాల మధ్యకు పంపితే మూడు పాయింట్లు) పోయాయి. అవి పడి ఉంటే రెండు ఓవర్‌టైమ్‌లు ఆడాల్సిన అవసరమే లేదు. ఇప్పుడు టెక్సస్ స్టేట్ నుంచి వచ్చిన మేసన్ షిప్లీ ఉన్నాడు. జార్జియాలో మూడు పాయింట్ల తేడాతో గెలుస్తామో ఓడతామో అతని కాలు చెప్పాలి.

హ్యూస్టన్_బావ (ఉదయం 8:15)

12-0 అన్నాను కదా.

వెస్ట్‌క్యాంపస్_కుర్రాడు (ఉదయం 8:44)

అన్నా, జార్జియా ఆటలో ఆర్చ్‌కు దొరికింది రెండు సిరీస్‌లు (బంతి మన చేతిలో ఉండే వంతులు). అప్పటికే జట్టంతా చేతులెత్తేసింది. హాఫ్ టైమ్‌కు 23-0. అది ఒక్కటీ పట్టుకుని వేలాడితే ఎలా? నవంబరు 30న కాలేజ్ స్టేషన్‌లో, లక్షమంది అరుస్తుంటే, టెక్సస్ ఏ అండ్ ఎమ్ మీద 15 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 17-7తో గెలిచాం. అదెందుకు గుర్తురాదు?

ఏడాది మొత్తం మీద 90 పాసుల్లో 61 పూర్తి, 939 యార్డులు, తొమ్మిది టచ్‌డౌన్లు, రెండు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లు పట్టేసిన పాసులు). మీకు అంకెలు కావాలా, లేక ముందే ఒక అభిప్రాయం పెట్టుకుని దానికి సాక్ష్యాలు వెతుకుతున్నారా? లైన్ గురించి మొదలుపెట్టి చివరికి ఈవర్స్ దగ్గరికి వస్తున్నారు. ఈవర్స్ వెళ్లిపోయాడు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ ఏడో రౌండ్‌లో మయామీ తీసుకుంది. ఇప్పుడు మన క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్. మన వాడిని మనమే దించేసుకుంటే ఎట్లా?

రౌండ్‌రాక్_అన్న (మధ్యాహ్నం 12:30)

‘ఈవర్స్ వెళ్లిపోయాడు’ అని ఒక్క మాటలో తేల్చేశావు. వరసగా రెండేళ్లు ప్లేఆఫ్ సెమీఫైనల్‌కు తీసుకెళ్లినవాడు. అలబామాను వాళ్ల ఊరు టస్కలూసాలోనే 34-24తో కొట్టినవాడు. పొట్ట కండరం దెబ్బతిని, చీలమండ దెబ్బతిని కూడా ఆడాడు. ఈ ఊరు అతనికి సరిగా థ్యాంక్స్ కూడా చెప్పలేదు. ఎందుకంటే అతని వెనక బెంచీ మీద మానింగ్ అనే పేరు కూర్చుని ఉంది. తాత ఆర్చీ, చిన్నాన్నలు పేటన్, ఈలై, అందరూ పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లే. ఆ పేరు ఉన్నవాడు బంతి పోగొట్టుకుంటే నేర్చుకుంటున్నాడు అంటారు. లేనివాడు పోగొట్టుకుంటే పనికిరాడు అంటారు.

వెస్ట్‌క్యాంపస్_కుర్రాడు (మధ్యాహ్నం 12:41)

పేరుతో వచ్చాడనే మాట చాలా అన్యాయం. 2023లో మూడో క్వార్టర్‌బ్యాక్‌గా కూర్చున్నాడు. మాలిక్ మర్ఫీ డ్యూక్‌కు వెళ్లిపోయాడు. ఆర్చ్ వెళ్లలేదు. కావాలంటే ఏ కాలేజీ అయినా మర్నాడే తొలి స్థానం ఇచ్చి తీసుకెళ్లేది. రెండేళ్లు ఆగాడు. వాళ్ల నాన్న కూపర్‌కు 18 ఏళ్లకే వెన్నెముక జబ్బు బయటపడి ఆట ఆగిపోయింది. ఆ ఇంట్లో అన్నీ పళ్లెంలో పెట్టి ఇచ్చారని మీకెలా తెలుసు? మీ మనసులో వేరే ఏదో ఉంది అన్నా. అది ఆట కాదు.

ఫ్రిస్కో_అమ్మ (మధ్యాహ్నం 12:50)

బాబూ, పెద్దాయనతో కొంచెం నిదానంగా మాట్లాడు.

రౌండ్‌రాక్_అన్న (రాత్రి 9:15)

ఆఫీసు నుంచి వచ్చి మూడుసార్లు రాసి తీసేశాను. సరే, ఉన్నది చెబుతాను.

నేను ఒక కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాను. మా టీమ్ లీడ్ వెళ్లిపోయినప్పుడు ఎనిమిది నెలలు ఆ పనంతా నేనే చూశాను. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచింది నేను. తర్వాత పైనున్న ఒకాయన బంధువు కాలేజీ నుంచి నేరుగా వచ్చాడు. ఏడాది తిరక్కుండా నా పైన కూర్చున్నాడు. అతను మంచివాడే. తెలివైనవాడు కూడా. ఒకరోజు అతను చేసిన తప్పుకు సిస్టమ్ సగం రోజు ఆగిపోతే మీటింగులో ‘నేర్చుకుంటున్నాడు’ అన్నారు. అంతకు రెండు నెలల ముందు నాది చిన్న పొరపాటు. దాన్ని నా రివ్యూలో రాశారు.

జార్జియా ఆట రోజు నా వెనక వరసలో ఆ మాట విన్నప్పుడు నాకు ఆ మీటింగు రూమే కనిపించింది. ఈవర్స్ హెల్మెట్ పెట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. అతను ఏమీ అనలేదు. సెకండ్ హాఫ్‌లో మళ్లీ వెళ్లి ఆడాడు.

నువ్వన్నది నిజమే తమ్ముడూ, అది ఆట కాదు. కానీ లైన్ గురించి నేను రాసింది మాత్రం ఆటే.

వెస్ట్‌క్యాంపస్_కుర్రాడు (రాత్రి 10:20)

అన్నా, మధ్యాహ్నం నేను అలా అనకుండా ఉండాల్సింది.

నా వైపు నుంచి కూడా వినండి. నేను 2022లో ఎమ్మెస్‌కు వచ్చాను. ఇప్పుడు ఉద్యోగం ఉంది, పని బాగా చేస్తున్నానని మేనేజర్ అంటాడు. వీసా లాటరీలో ఈ మార్చిలో కూడా నా పేరు రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ‘ఇంకొంచెం ఆగరా’ అంటాడు. మన అసోసియేషన్‌లో సీనియర్లు మాత్రం ‘మీ బ్యాచ్‌కు అన్నీ సులువుగా దొరికాయి’ అంటారు. మీరు అనలేదు, తెలుసు. కానీ రెండేళ్లు బెంచీ మీద కూర్చున్నవాణ్ని పట్టుకుని, పేరు ఉంది కాబట్టి అన్నీ తేరగా వచ్చాయి అంటే నాకు కడుపులో మండుతుంది. బెంచీ మీద కూర్చోవడం కూడా పనే. రోజూ ప్రాక్టీస్‌కు వెళ్లాలి, రోజూ సిద్ధంగా ఉండాలి, శనివారం మాత్రం ఎవరూ పిలవరు. యూటీఎస్‌ఏ రోజు అతన్ని పిలిచిన మొదటి నిమిషంలోనే సిద్ధంగా ఉన్నాడు. అందుకే ఆ ఆటను లెక్కలోంచి తీసేస్తే ఒప్పుకోలేకపోయాను.

కొలంబస్‌లో_కాకినాడ (రాత్రి 10:34)

మీ ఇద్దరి పోస్టులూ మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

రౌండ్‌రాక్_అన్న (రాత్రి 10:47)

మూడు ఆటలు. ఒప్పుకుంటున్నా.

పేరు విషయంలో నా మాట మారదు. అది నువ్వు పెట్టింది కాదు, అతను పెట్టిందీ కాదు, కానీ ఉంది. లైన్ విషయంలో కూడా మారను. 30న ఎడమవైపు గూస్‌బీని చూడు. మూడో డౌన్‌లో (ప్రయత్నంలో) అతను రెండున్నర సెకన్లు ఆపగలిగితే మీ 11-1కి నేను అడ్డు చెప్పను.

వెస్ట్‌క్యాంపస్_కుర్రాడు (రాత్రి 10:55)

చూస్తా. కానీ గోల్ లైన్ దగ్గర ఆ పక్క విసురు ప్లే మళ్లీ వేస్తే సార్కిసియన్ మీద నాకు నమ్మకం పోయినట్టే.

ఒంగోలు_ఎద్దు (రాత్రి 11:01)

కిక్కర్ గురించి ఇప్పటికీ ఎవరూ జవాబివ్వలేదు.

రౌండ్‌రాక్_అన్న (రాత్రి 11:06)

ఒహాయో ఆట మన టైమ్ ప్రకారం శనివారం ఉదయం 11కి. తమ్ముడూ, ఆస్టిన్‌లోనే ఉంటే మా ఇంటికి వచ్చెయ్. పదిన్నరకల్లా రా. మా ఆవిడ పెసరట్లు వేస్తుంది.

వెస్ట్‌క్యాంపస్_కుర్రాడు (రాత్రి 11:09)

వస్తానన్నా. అడ్రస్ మెసేజ్ చేయండి.